ఫ్లై ఫిషింగ్ మర్నాడు మెడ, నడుం పట్టేస్తుంటే

ఫ్లై ఫిషింగ్‌కు, అంటే పురుగులా కనిపించే తేలికపాటి ఎరను (ఫ్లైని) విసిరి చేపలు పట్టడానికి, నదికి వెళ్లొచ్చిన మర్నాడు మెడ తిప్పలేకపోతున్నానని, నడుం పట్టేస్తోందని, తేలిక రాడ్ (గాలం కర్ర) కొంటే తగ్గుతుందా అని అడిగారు. రాడ్ సంగతి తర్వాత. ముందు మీ వెస్ట్‌ను (సామాన్లు పెట్టుకునే జేబుల కోటును) ఒకసారి తూకం వేసి చూడండి.

నేను సియాటిల్ దగ్గర ఉంటాను. ట్రౌట్ చేపల కోసం యాకిమా నదికి వెళ్తుంటాను. మొదటి రెండేళ్లు నాదీ ఇదే బాధ. రోజంతా విసరడం వల్లే అనుకున్నాను. నిజానికి ఫ్లై డబ్బాలు, నీళ్ల సీసా, రెయిన్ జాకెట్ అన్నీ వెస్ట్ జేబుల్లోనే కుక్కేవాణ్ణి. ఆ బరువంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెడ మీదే. ఇప్పుడు నడుముకు కట్టుకునే ప్యాక్‌లో రెండు డబ్బాలే పెట్టుకుంటాను, నీళ్లు ఒడ్డునే ఉంచుతాను. ఈ ఒక్క మార్పుతో నా మెడనొప్పి చాలావరకు పోయింది.

ఫ్లైని దారానికి ముడి వేసేటప్పుడు కూడా చూసుకోండి. సన్నటి దారం ఎక్కించడానికి గడ్డం ఛాతీకి ఆనించి నిలబడిపోతాం. తల వంచే బదులు, మోచేతులు పక్కలకు ఆనించి చేతుల్నే కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి.

ఇక విసరడం. ఫ్లైకి బరువుండదు, లైన్ (గాలం తాడు) బరువే దాన్ని మోసుకెళ్తుంది. అందుకే వెనక్కి వెళ్లిన లైన్ పూర్తిగా విచ్చుకునేదాకా ఆగాలి. తొందరపడితే ఆ లోటును భుజంతో, నడుంతో పూడ్చాలని చూస్తాం. మోచెయ్యి భుజం కన్నా కిందే ఉంచండి. దూరం విసరాలన్న పంతం వద్దు, నాకు దొరికినవి చాలావరకు 30 అడుగుల లోపే.

ఎండాకాలంలో పొలాలకు నీళ్లు వదలడంతో యాకిమా పైభాగంలో ప్రవాహం ఉధృతంగా ఉంటుంది. దాన్ని తట్టుకుని నిలబడటానికే నడుం బిగుసుకుపోతుంది. సెప్టెంబరులో నీళ్లు తగ్గాక వెళ్తే హాయిగా ఉంటుంది. ఎప్పుడు వెళ్లినా విసిరే వైపుకే పాదాలు తిప్పి నిలబడండి, చేతికర్ర తీసుకెళ్లండి. రెండు గంటలు కారు నడిపి దిగగానే నీళ్లలోకి వెళ్లకుండా పది నిమిషాలు ఒడ్డున నడవండి. యాకిమా మీదున్న రోజా డ్యామ్ ఎగువన పట్టిన ట్రౌట్‌ను వదిలేయాలి కాబట్టి మాటిమాటికీ వంగాల్సి వస్తుంది. పొడుగు పిడి వల వాడండి, నడుం కాకుండా మోకాళ్లు వంచండి.

చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తప్పుతున్నా, నొప్పి కాలిలోకి పాకుతున్నా ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకండి, వెంటనే డాక్టర్‌కు చూపించండి.