ఎయింట్ నోబడీ: డాన్స్ వెర్షన్ నచ్చినవాళ్లకి పాత పాట ఎందుకు ఎక్కదు?

"ఎయింట్ నోబడీ డాన్స్ వెర్షన్ అంటే నాకు ప్రాణం. అది పాత ఫంక్ (అమెరికా నల్లజాతి డాన్స్ సంగీతం) పాటకి కవర్, అంటే వేరేవాళ్లు మళ్లీ పాడింది అని ఇప్పుడే తెలిసింది. ఒరిజినల్ విన్నాను, ఎక్కలేదు. అందరూ దాన్నే ఎందుకు గొప్పదంటారు?" అని ఒకరు అడిగారు.

నాకూ మొదట ఎక్కలేదండి. ఎలా ఎక్కిందో చెప్తాను.

2015లో హాంబర్గ్‌లో ఎమ్మెస్ చదువుతూ శని, ఆదివారాలు ఒక బేకరీలో పనిచేసేదాన్ని. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా వెళ్లి, ఓవెన్‌లోంచి వచ్చిన బన్నుల ట్రేలు ముందు గదిలోకి మోయడం నా పని. మూల షెల్ఫ్ మీద రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉండేది. ఆ ఏడాది ఈ డాన్స్ వెర్షన్ రోజుకి ఎన్నిసార్లు వచ్చేదో లెక్కలేదు. జర్మనీలో నంబర్ వన్ అయింది, బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. పైగా దాన్ని చేసిన డీజే ఫెలిక్స్ యేన్ హాంబర్గ్‌లోనే పుట్టినవాడు (జేన్ అని రాస్తున్నారు కానీ అక్కడ యేన్ అనే పిలుస్తారు). జమైకా గాయకుడు ఓమి పాడిన చీర్‌లీడర్ పాటని రీమిక్స్ చేసిందీ ఇతనే. చలిలో, నిద్రమొహంతో ఉన్నప్పుడు ఆ పాట నాకు నిజంగా తోడుగా ఉండేది. కాబట్టి దాన్ని తక్కువ చేసి ఒక్క మాట కూడా అనను.

నాతో పనిచేసే ఒక పెద్దావిడ ఉండేది, యాభై దాటి ఉంటాయి. ఒకరోజు పాట వస్తుంటే పిండి చేతులతోనే రేడియో సౌండ్ తగ్గించి, "ఇది మా కాలం పాట, అసలుది నీకు తెలుసా?" అంది. తెలీదన్నాను. 1984లో వచ్చిన బ్రేకిన్ అనే బ్రేక్‌డాన్స్ సినిమా పాటల రికార్డు ఆమె దగ్గర ఇంకా ఉంది. అందులో ఈ పాట ఉంది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పిలిచి వినిపించింది. విన్నాను. బాగానే ఉంది అనిపించింది, అంతే. మర్యాదకి తలూపాను. ఆమె కనిపెట్టేసింది. "తాళం వెయ్యి" అంది.

అసలు విషయం అక్కడే ఉంది. చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, తాళం తప్పనని నాకో ధీమా. పాట ఒక చిన్న సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) ముక్కతో మొదలవుతుంది, అదే తిరిగి తిరిగి వస్తుంది. దాన్ని పట్టుకుని తొడ మీద వేసుకుంటూ పోయాను. డ్రమ్స్ వచ్చేసరికి నా దెబ్బ ఒకచోట, వాళ్ల దెబ్బ ఇంకోచోట! సూదిని మళ్లీ మొదటికి పెట్టింది. మళ్లీ తప్పాను. మూడోసారికి అర్థమైంది, ఆ ముక్క ఎత్తుగడ సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీద లేదు. మన కృతుల్లో పల్లవి సమం వదిలి ఎత్తుకున్నట్టే. డ్రమ్స్ వచ్చేదాకా నేల ఎక్కడుందో తెలియదు, వచ్చాక కాలు దానంతటదే కదులుతుంది. నాలుగోసారి ఆ పెద్దావిడ వంటింటి బల్ల మీద వేళ్లతో వాయిస్తూ, డ్రమ్స్ పడే క్షణానికి అరచేత్తో ఒక్కటిచ్చింది. అప్పుడు ఒళ్లు జలదరించింది నాకు.

డాన్స్ వెర్షన్‌లో ఈ వెతుకులాట ఉండదు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ శబ్దం) ప్రతి దెబ్బకీ పడుతుంది, ఎవరూ దారి తప్పరు. వందలమంది ఒకేసారి గెంతాలంటే అలాగే ఉండాలి. ఆ చెవితో వెళ్లి పాతది వింటే చిందరవందరగా అనిపించడం సహజం.

ఆ పాత పాట 1983 నాటిది. షికాగోలో పుట్టిన రూఫస్ అనే ఫంక్ బ్యాండ్‌ది, పాడింది చాకా ఖాన్. రాసింది వాళ్ల కీబోర్డ్ వాద్యకారుడు డేవిడ్ వొలిన్‌స్కీ. డ్రమ్ మెషీన్‌లో ఒక ముక్క పెట్టుకుని దాని మీద కట్టుకుంటూ పోయాడు. తర్వాత జాన్ రాబిన్సన్ అసలు డ్రమ్స్ వాయించాడు. మైకేల్ జాక్సన్ ఆఫ్ ద వాల్ ఆల్బమ్‌లో వాయించింది కూడా ఆయనే. మెషీన్ నిలకడ, మనిషి చెయ్యి రెండూ ఒకే పాటలో వినిపించడం నాకు అన్నిటికంటే ఇష్టం. దీన్ని సింగిల్‌గా (విడి పాటగా) విడుదల చేయకపోతే మైకేల్ జాక్సన్‌కి ఇచ్చేస్తానని వొలిన్‌స్కీ పట్టుబట్టాడని చెబుతారు. అమెరికా ఆర్ అండ్ బీ (నల్లజాతి సంగీతం) చార్టులో నంబర్ వన్ అయింది, గ్రామీ వచ్చింది, పాప్ చార్టులో మాత్రం 22 దగ్గరే ఆగింది.

ఇంకో సంగతి తెలిస్తే మీకు రెండు పాటలూ వేరుగా వినిపిస్తాయి. యేన్ నేరుగా చాకా ఖాన్ పాటని తీసుకోలేదు. 2013లో జాస్మిన్ థాంప్సన్ అనే లండన్ అమ్మాయి దీన్ని నెమ్మదిగా, దాదాపు చెవిలో చెప్పినట్టు పాడింది. అప్పుడామెకి పన్నెండేళ్లు! ఆ గొంతు కిందే యేన్ బీట్ పెట్టాడు. అందుకే డాన్స్ పాటైనా అందులో ఏదో దిగులు ఉంటుంది. చాకా ఖాన్ ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. నన్ను ఇతనంతగా ప్రేమించినవాళ్లు లేరని ఆమె చెప్తుంటే అది అనుభవంలోంచి వస్తుంది. మెల్లగా మొదలుపెట్టి, కోరస్‌కి వచ్చేసరికి గొంతు మీద గొంతు పేర్చుకుంటూ పోతుంది. జాస్మిన్ గొంతులో అదే మాట ఇంకా జరగనిదాని గురించి కలగంటున్నట్టు ఉంటుంది. మాటలు అవే, పాడే మనిషి వేరు.

మధ్యలో వేరేవాళ్లూ చేశారు. ఎల్ఎల్ కూల్ జే ర్యాప్ వెర్షన్ 1997లో బ్రిటన్‌లో నంబర్ వన్ కూడా అయింది. నాకది పెద్దగా ఎక్కలేదు. మీరు మాత్రం జాస్మిన్ ఒక్కతే పాడింది ముందు వినండి, తర్వాత యేన్‌ది, ఆఖర్న రూఫస్‌ది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో ఆ బేస్ అసలు వినపడదు. మొదటి సింథ్ ముక్క నుంచే చేత్తో తాళం వేయండి. డ్రమ్స్ వచ్చినప్పుడు మీ దెబ్బ ఎక్కడ పడిందో కింద కామెంట్‌లో రాయండి.