ఆస్ట్రో బాట్ నిజంగా అంత గొప్ప గేమా?

అడిగిన ప్రశ్న ఇదీ: ఆస్ట్రో బాట్‌ని అందరూ ఆకాశానికెత్తేస్తున్నారు కదా, పాత ప్లేస్టేషన్ గేములతో పరిచయం లేనివాళ్లకీ, ప్లాట్‌ఫార్మర్లంటే (దూకుతూ, అడ్డంకులు దాటుతూ సాగే గేములు) పెద్దగా మోజు లేనివాళ్లకీ కూడా అది నచ్చుతుందా?

నచ్చుతుంది. కానీ పొగిడేవాళ్లు చెప్పే కారణాలకి కాదు. నేను బోలెడంత అనుమానంతోనే మొదలుపెట్టాను, మొత్తం పూర్తిచేశాక కూడా ఆ అనుమానంలో సగం అలాగే ఉంది.

ఎందుకంత అనుమానం అంటే, ఈ బుల్లి రోబో వచ్చిన ప్రతిసారీ వెనకాల అమ్మాల్సిన వస్తువు ఒకటి ఉంటూనే ఉంది. 2018లో వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకి తగిలించుకుని ఆడే పరికరం) కోసం ఒక గేమ్, 2020లో సోనీ గేమ్ యంత్రం పీఎస్5 (ప్లేస్టేషన్ 5)లోనే ఉచితంగా వేసి ఇచ్చిన ఆస్ట్రోస్ ప్లేరూమ్. ఆ రెండోది కొత్త కంట్రోలర్ ఏమేం చేయగలదో చూపించే డెమో, సరదాగానే ఉంది, ఒకటి రెండు సాయంత్రాల్లో అయిపోయింది. 2024 సెప్టెంబర్‌లో పూర్తి స్థాయి ఆస్ట్రో బాట్ వచ్చినప్పుడు దాన్నే సాగదీసి అమ్ముతున్నారేమో అనుకున్నాను. కథ చూస్తే ఆ అనుమానం ఇంకా ముదురుతుంది: హీరోగారి అంతరిక్ష నౌక అచ్చం పీఎస్5 ఆకారంలో ఉంటుంది, ఆయన ఎక్కి తిరిగే వాహనం కంట్రోలర్ ఆకారంలో ఉంటుంది, పచ్చటి గ్రహాంతరవాసి ఒకడొచ్చి నౌకని ధ్వంసం చేసి విడిభాగాలు ఎత్తుకుపోతే వాటినీ, చెల్లాచెదురైన 300 మంది బాట్లనీ (తోటి బుల్లి రోబోలు) మనం వెనక్కి తెచ్చుకోవాలి. ఇంతకన్నా కథ లేదు. డిసెంబర్‌లో ద గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ కూడా వచ్చింది, కానీ అవార్డుల్ని చూసి గేమ్ కొనే అలవాటు నాకు లేదు.

మరి ఎక్కడ లొంగానంటే, జంప్ దగ్గర. త్రీడీ ప్లాట్‌ఫార్మర్లలో నాకు ఎప్పుడూ ఉండే చిరాకు ఒకటే, గాల్లో ఉన్నప్పుడు కింద మనం ఎక్కడ ఉన్నామో సరిగ్గా తెలియదు, అంచు మీద దిగాననుకుంటే దానికి కాస్త ముందే పడిపోతాం, తప్పు నాదా కెమెరాదా అన్నది ఎప్పటికీ తేలదు. ఇందులో ఆస్ట్రో గాల్లో ఉండగా బటన్ మళ్లీ నొక్కి పట్టుకుంటే కాళ్ల కిందనుంచి లేజర్లు వచ్చి కాసేపు అలాగే తేలుతాడు. చూడ్డానికి ఇది చిన్న విన్యాసమే, కానీ ఒకే దెబ్బకి మూడు పనులు అవుతున్నాయి. దిగే చోటు సరిచేసుకోవడానికి కాస్త టైమ్ దొరుకుతుంది. ఆ లేజర్ నేరుగా కిందికే పడుతుంది కాబట్టి మనం దేనికి పైన ఉన్నామో కంటికి కనిపిస్తుంది. పైగా అదే ఆయుధం కూడా, ఒళ్లంతా కరెంటు పారే శత్రువుని పిడికిలితో కొట్టలేం, పైకెగిరి లేజర్‌తో కాల్చాలి. దీంతో పడిపోయిన ప్రతిసారీ తప్పు నాదేనని నాకే తెలిసేది, కోపం వచ్చేది కాదు. ఒక్క దెబ్బ తగిలితే చచ్చే గేమ్‌లో ఇది మామూలు విషయం కాదు, ఇంకా ఎంత ప్రాణం మిగిలిందో చూపించే లైఫ్ బార్ లాంటిది ఏమీ లేదు మరి.

రెండోది, లెవెళ్ల కూర్పు. ఒక్కో లెవెల్‌కి ఒక్కో ఆలోచన ఇస్తారు, దాన్ని మొదట ప్రమాదం లేని చోట ఆడుకోనిస్తారు, తర్వాత అదే పనిని గోతి మీద చేయిస్తారు, ఆ తర్వాత మనం ఊహించని విధంగా తిప్పుతారు, విసుగొచ్చేలోపు పక్కన పడేస్తారు. ఎలుకంత చిన్నగా మారిపోయే లెవెల్ ఉంది, మారగానే అప్పటిదాకా మామూలుగా నడిచొచ్చిన చోటు కాస్తా మహారణ్యం అయిపోతుంది. స్పాంజిలా నీళ్లు పీల్చి ఉబ్బిపోయేది ఒకటి, ఆ నీళ్లు పిండడానికి ట్రిగ్గర్ గట్టిగా నొక్కాలి. కాలాన్ని ఆపే గడియారం ఉన్న లెవెల్ మాత్రం నాకు అన్నిటికన్నా ఇష్టం, కళ్లకి ఆనని వేగంతో దూసుకెళ్లే వస్తువులని గాల్లోనే ఆపేసి వాటి మీదుగా మెట్లెక్కినట్టు ఎక్కిపోతాం. ఇలాంటి ఒక్క ఆలోచన దొరికితే చాలామంది దాని మీద మొత్తం గేమ్ కట్టేస్తారు. వీళ్లు అరగంట కూడా వాడరు. ఇదే నాకు ఒక ఫిర్యాదు కూడా, ఇంకాస్త లోతుకి వెళ్తే బాగుండేది అనిపించిన చోట్లు చాలా ఉన్నాయి, ముఖ్యంగా ఆ గడియారం.

కంట్రోలర్ సంగతి. గడ్డి మీద నడిస్తే ఒక రకం, ఇనుప రేకు మీద ఒక రకం, ఇసుకలో ఇంకో రకం కంపనం చేతికి తెలుస్తుంది, వాన పడితే చినుకులు అరచేతిలో టపటపమంటాయి. మొదటి రోజు అబ్బో అనిపిస్తుంది, తర్వాత పట్టించుకోవడం మానేస్తాం, కానీ ఆ వెంటనే ఇంకో గేమ్ ఆడితే ఏదో చచ్చుబడినట్టు ఉంటుంది. నేలలోంచి పొడుచుకొచ్చిన తీగ పట్టుకుని లాగడం, పండ్ల కుప్పలోకి దూకి అన్నీ చెల్లాచెదురు చేయడం లాంటి పనికిమాలిన పనులు నేను గంటల తరబడి చేశానంటే కారణం ఈ కంపనమే.

ఇక నాకు నచ్చనిది. ఆ 300 బాట్లలో 150కి పైగా పాత గేముల పాత్రల వేషాల్లో ఉంటాయి. ఆ గేములు ఆడినవాళ్లకి ప్రతి బాట్ ఒక కేరింత. నాకు వాటిలో చాలావాటి ముఖం తెలియదు, పేర్లు కూడా నేరుగా ఇవ్వరు, పొడుపుకథల్లాంటి మారుపేర్లు పెడతారు, పరిచయం లేని పెళ్లిలో భోజనానికి కూర్చున్నట్టు ఉంటుంది. అన్‌చార్టెడ్, గాడ్ ఆఫ్ వార్, హొరైజన్ గేముల పేరు మీద చేసిన ప్రత్యేక లెవెళ్లు కూడా ఉన్నాయి. గాడ్ ఆఫ్ వార్ లెవెల్లో గొడ్డలి విసిరి వెనక్కి రప్పించుకోవడం బాగానే ఉంది కానీ, ఆ లెవెళ్లలో నాకు గేమ్ కన్నా ఊరేగింపే ఎక్కువ కనిపించింది, సొంత ఊహతో చేసిన లెవెళ్ల చురుకు వాటిలో లేదు.

ఒక్క మినహాయింపు ఉంది, కోతుల్ని వల వేసి పట్టుకునే ఏప్ ఎస్కేప్ లెవెల్. 1999 నాటి అసలు గేమ్ నేను ఆడలేదు, అయినా దీన్ని పడీపడీ నవ్వుకుంటూ ఆడాను. ఆ గేమ్ గురించి తర్వాత చదివితే తెలిసింది, రెండు స్టిక్కులున్న డ్యుయల్‌షాక్ అనే అప్పటి ప్లేస్టేషన్ కంట్రోలర్ లేకపోతే అసలు ఆడలేని మొదటి గేమ్ అదేనట. అంటే కొత్త కంట్రోలర్ కోసం గేమ్ చేయడం ఆస్ట్రోతో మొదలైన అలవాటేమీ కాదు, ప్రకటన అని నేను గింజుకుంటున్నదానికి పాతికేళ్ల చరిత్ర ఉంది. దాంతో ప్రకటన కాకుండా పోదనుకోండి.

కష్టం విషయానికొస్తే, మామూలు లెవెళ్లు తేలికే. చెక్‌పాయింట్లు (చచ్చాక మళ్లీ మొదలయ్యే చోట్లు) దగ్గర దగ్గరగా ఉంటాయి, చస్తే రెప్పపాటులో మళ్లీ నిలబెడతారు. దాచిన బాట్లు దొరక్కపోతే రెండోసారి వెళ్లినప్పుడు 200 నాణేలు ఇస్తే ఒక పక్షి వచ్చి దారి చూపిస్తుంది. కానీ కంట్రోలర్ బటన్ల మీది గుర్తులతో ఉండే చిన్న ఛాలెంజ్ లెవెళ్లు వేరే లోకం. నిమిషం, నిమిషన్నర నిడివి, మధ్యలో చెక్‌పాయింట్ ఉండదు, చివరి అడుగులో జారినా మళ్లీ మొదటినుంచే. నాకు టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. అసలు గేమ్ వీటికి మనల్ని సిద్ధం చేయదు, మధ్యస్థంగా ఉండే కష్టం అన్నదే లేదు, ఇది నిజంగా లోపమే. ఈజీ, హార్డ్ అని ఎంచుకునే వీలు కూడా లేదు. బాస్‌లు, అంటే చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువులు, కంటికి పెద్దగా ఉంటారు, పోరాటం మాత్రం దెబ్బ తప్పించుకో, సందు చూసి కొట్టు, అంతే.

కథ వరకైతే పది పన్నెండు గంటలు, అన్నీ ఏరుకుంటే ఇంకాస్త. గేమ్ లోపల అదనంగా డబ్బు పెట్టి కొనాల్సినవి లేవు, ఆ తర్వాత వచ్చిన కొత్త లెవెళ్లు కూడా ఉచితంగానే ఇచ్చారు.

మీ విషయంలో నేను చెప్పేది: పీఎస్5 ఉంటే ముందు ఆ ఉచిత ప్లేరూమ్ ఆడండి, జంప్, లేజర్ ఇంచుమించు అవే. అందులో పరుగెత్తుతూ దూకుతూ ఉండటమే మీకు హాయిగా అనిపిస్తే ఇది కొనుక్కోండి, బాట్లు ఎవరో తెలియకపోయినా నష్టం లేదు. కథ కావాలి, పాత్రలు కావాలి అనుకునేవాళ్లైతే వదిలేయండి. ఛాలెంజ్ లెవెళ్లు వదిలేసినా ముగింపు వస్తుంది. ఈ గేమ్‌ని ప్రేమించేవాళ్లు ఎవరైనా పక్కన కూర్చుని "ఈ బాట్ ఎవరో తెలుసా" అని లెక్చర్ మొదలుపెడితే మాత్రం కంట్రోలర్ వాళ్ల చేతికిచ్చి ఆ ఛాలెంజ్ లెవెల్ ఒకటి ఆడమనండి.