సబ్జెక్ట్ రాకపోయినా పిల్లల ఆన్‌లైన్ చదువులో మనం చేయగలిగింది చాలా ఉంది

మీరు అడిగినవి రెండండీ, ఐదో క్లాస్ బాబు ఆన్‌లైన్ క్లాస్ వింటున్నంతసేపూ పక్కనే కూర్చోవాలా, లెక్కలు రాని మీవల్ల వాడికి ఏం ఉపయోగం అని. మొదటిదానికైతే, ఆరేడేళ్ల పిల్లలకి మ్యూట్ తీయడం, పేజీ వెతుక్కోవడం కూడా కష్టమే కాబట్టి పక్కన ఉండాల్సిందే, మీ బాబు వయసుకి మాత్రం అదే గదిలో మీ పని మీరు చేసుకుంటూ ఉంటే చాలు, స్క్రీన్ మీకు కనపడేలా కూర్చోబెట్టండి. నోటిఫికేషన్లు ఆఫ్ చేయండి, యూట్యూబ్ అయితే ఆటోప్లే కూడా, ఎందుకంటే పాఠం అయిపోగానే దానంతట అదే ఇంకో వీడియో మొదలైతే ఆపడం పెద్దవాళ్లకే చేతకాదు.

ఇక రెండోది, నాకు అసలైన విషయం ఇదే అనిపిస్తుంది. మా పాప ఆరో క్లాస్‌లో భిన్నాల కూడిక వీడియో మొత్తం తల ఊపుతూ చూసింది, అర్థమైందా అంటే అయింది అంది. ఫోన్ పక్కన పెట్టించి 1/3, 1/4 కలిపితే ఎంత అని అడిగితే పైవి పైన, కిందివి కింద కలిపేసి 2/7 అని చెప్పింది. నేను తప్పు అనలేదు, స్కేలుతో 12 సెంటీమీటర్ల గీత గీయమన్నాను, అందులో మూడో వంతు 4 సెంటీమీటర్లు, నాలుగో వంతు 3, మరి నువ్వు చెప్పిన 2/7 ఎంత వస్తుందో చూడు అంటే మూడున్నర కూడా రాలేదు. కలిపాక మొదటి ముక్క కంటే చిన్నదైపోయింది! ఇదెలా కుదురుతుంది అని తనే వీడియోలో ఆ భాగం మళ్లీ చూసి 7/12 అని తేల్చుకుంది.

అందుకే చెప్తున్నా, అర్థమైందా అని అడగొద్దు, ఏం చెప్పారో నాకు చెప్పు అనండి, మీకు లెక్కలు రాకపోతే ఇంకా మంచిది, నిజంగానే తెలియదు కాబట్టి "అలా ఎందుకు చేశారు" అని మనస్ఫూర్తిగా అడగగలరు, చెప్తూ చెప్తూ ఎక్కడ ఆగిపోతాడో అక్కడే వాడికి రాలేదని అర్థం. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో కూడా, పాఠం మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు గానీ, వారం తర్వాత చూస్తే పాఠం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వీడియో రెండుసార్లు చూపించడం కంటే ఒకసారి చూపించి చెప్పించుకోవడం మేలు అనేది నా అనుభవం కూడా.

లైవ్ క్లాస్‌లో వెనకనుంచి జవాబులు అందించడం మాత్రం దయచేసి చేయకండి, చాలా ఇళ్లల్లో ప్రేమతోనే చేస్తారు, కానీ పిల్లవాడు సొంతంగా చెప్పే జవాబును బట్టే వాడికి ఏం రాదో టీచర్‌కి తెలుస్తుంది.

కళ్ల సంగతి, 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూడమనండి, స్క్రీన్ చూసేటప్పుడు రెప్పలు తక్కువ వేస్తాం, దానివల్ల కళ్లు పొడిబారతాయి.

మీరు పొద్దున్నుంచి డ్యూటీలో ఉంటారని రాశారు కదా, అయితే రాత్రి ఒక పది నిమిషాలు పెట్టుకోండి చాలు. అర్థం కాని చోట వీడియో ఎన్నో నిమిషమో ఒక నోట్‌బుక్‌లో రాసుకోమని చెప్పండి, అది చూసి మర్నాడు టీచర్‌ని వాడినే అడగమనండి, మీరు వాడి తరఫున మెసేజ్ పెట్టొద్దు.