మా లాయరుది న్యూజెర్సీ, కేసు డల్లాస్‌లో

ప్రశ్న: మాది టెక్సస్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. పాత క్లయింటు ఒకరు డల్లాస్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు, సమన్లు అందాయి. మా వీసా పనులు, కాంట్రాక్టులు చూసే లాయరుగారు న్యూజెర్సీలో ఉంటారు. ఆయనే వాదించవచ్చా?
– ఒక పాఠకుడు, ఇర్వింగ్

జవాబు: వాదించవచ్చు, కోర్టు అనుమతి వచ్చాక. ఏ రాష్ట్రపు లైసెన్సు ఉన్నా ఇమిగ్రేషన్ శాఖ ముందు హాజరు కావచ్చు కాబట్టి వీసా పనుల్లో మీకీ ఇబ్బంది ఎదురై ఉండదు. ఫెడరల్ జిల్లా కోర్టులు 94. దేని స్థానిక నియమాలు దానివే. ఒక్క కేసు వరకే బయటి లాయరుకిచ్చే అనుమతిని ‘ప్రో హాక్ వైస్’ అంటారు.

డల్లాస్ కోర్టు టెక్సస్ నార్తర్న్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుంది. అక్కడ కోర్టువారి దరఖాస్తు ఫారం, ఫీజు, న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (లాయరు లైసెన్సు సక్రమంగా ఉందనే ధ్రువపత్రం) కావాలి. బార్ కార్డు (లాయరు గుర్తింపు కార్డు) నకలు పెడితే చాలదు. సర్టిఫికెట్ తేదీ కూడా చూసుకోవాలి: ఉదాహరణకు న్యూయార్క్ సదరన్ డిస్ట్రిక్ట్‌లో అయితే దరఖాస్తుకు ముందు 30 రోజుల్లోపు తీసుకున్నదే చెల్లుతుంది. గతంలో క్రమశిక్షణ చర్యలేమైనా ఉంటే దాచకుండా రాయాలి. పాత మందలింపు ఉన్నా అనుమతి రావచ్చు. దాచినట్టు తేలితే మాత్రం ఆ దాచడమే కొత్త తప్పవుతుంది.

అసలు చిక్కు ‘లోకల్ కౌన్సెల్’తో, అంటే స్థానిక లాయరుతో. కోర్టు భవనానికి 50 మైళ్లలోపు నివాసమో ప్రధాన ఆఫీసో లేని లాయరు, అక్కడి లాయరును జత చేసుకోవాలి. వద్దనుకుంటే విడిగా జడ్జి అనుమతి అడగాలి. ఖర్చు తగ్గుతుందని సంతకానికి మాత్రమే ఒకరిని పెట్టుకోకండి. జడ్జి ఉన్నట్టుండి పిలిస్తే వెళ్లి వాదించగలిగేంతగా ఆ లాయరుకు కేసు తెలిసి ఉండాలని నియమమే చెబుతోంది.

ఈ పనుల మధ్య గడువు మరిచిపోవద్దు. సమన్లు అందిన 21 రోజుల్లో జవాబు దాఖలు కావాలి. కంపెనీ తన తరఫున తానే హాజరు కాలేదు, కాబట్టి మీరు సంతకం చేసి పంపినా చెల్లదు. గడువు దాటితే ఎదుటివారు డిఫాల్ట్ (మీ జవాబు లేకుండానే తమకు అనుకూలంగా తీర్పు) అడుగుతారు. అందుకని ముందు డల్లాస్ లాయరును నియమించి ఆయనతో జవాబు వేయించండి. మీ లాయరుగారి దరఖాస్తు వెనక నడుస్తుంది. అనుమతి వచ్చాక ఆయన పేసర్ (ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ రికార్డుల వ్యవస్థ) ఖాతాతో ఆ కోర్టు ఈ-ఫైలింగ్‌కు విడిగా నమోదు కావాలి. ఒకరి లాగిన్‌తో ఇంకొకరు దాఖలు చేయడం వద్దే వద్దు, ఆ లాగిన్ కింద ఉన్న పేరే సంతకంగా లెక్క. కేసు ఫిఫ్త్ సర్క్యూట్‌కు (టెక్సస్ ఫెడరల్ కేసుల అప్పీలు కోర్టు) అప్పీలుకు వెళ్తే ఈ అనుమతి పనికిరాదు, అక్కడ వేరే ప్రవేశం తీసుకోవాలి.

ప్రశ్న: మన దేశంలోనూ ఇలాంటి నిబంధన ఉందా?
– ఒక లా విద్యార్థిని, వరంగల్

జవాబు: అడ్వకేట్స్ చట్టం 30వ సెక్షన్ 2011లో అమల్లోకి వచ్చాక అడ్వకేటుకు దేశమంతటా ప్రాక్టీసు హక్కు ఉంది. అయితే 34వ సెక్షన్ కింద హైకోర్టులు షరతులు పెట్టవచ్చు. ఉత్తరప్రదేశ్ బార్ కౌన్సిల్ జాబితాలో లేని అడ్వకేటు అలహాబాద్ హైకోర్టులో హాజరవాలంటే అక్కడ మామూలుగా ప్రాక్టీసు చేసే స్థానిక అడ్వకేటుతో కలిపి వకాలత్ వేయాలి. ఈ నియమాన్ని 2016లో జంషెడ్ అన్సారీ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.