ఎప్పుడూ టెన్షన్‌లో ఉంటే నరాలు దెబ్బతింటాయా?

"ఏళ్ల తరబడి టెన్షన్ పడితే నరాలు, ఆరోగ్యం నిజంగా పాడవుతాయా, లేక మన అనుమానమేనా?" అని అడిగారు. ఆరోగ్యం పాడవుతుంది, నరాల వ్యవస్థ గాడి తప్పుతుంది. నాకైతే సందేహమే లేదు. కాకపోతే గోడల మీద రాసే "నరాల బలహీనత"కీ దీనికీ సంబంధం లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇక్కడి కిడ్నీ జబ్బు సంగతి పేపర్ చదివేవాళ్లందరికీ తెలుసు. మా చిన్నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. వెంట వెళ్లేది పిన్ని. తెల్లారకముందే లేచి, ఆయనకు ఉప్పు తగ్గించి ఒక కూర, మిగతావాళ్లకు ఇంకో కూర వండి, ఆటో పట్టుకుని పలాస. నాలుగు గంటలు ఆయన మెషీన్ మీద, ఆవిడ బయట బెంచీ మీద. ఆయన ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాడన్న లెక్క కూడా ఆవిడదే. లోపల ఆయనకు మాటిమాటికీ బీపీ చూస్తారు. బయట కూర్చున్న మనిషిని "నువ్వెలా ఉన్నావమ్మా" అని అడిగినవాళ్లు లేరు.

ఒకరోజు కత్తిపీట మీద వంకాయలు తరుగుతుంటే చూపుడువేలు తెగింది. పెద్ద గాయమేం కాదు, వారం పది రోజుల్లో మానాల్సింది. మానదే! పసుపు అద్దింది, ఆయింట్‌మెంట్ రాసింది. పైన చెక్కు కడుతుంది, అంట్లు తోమితే ఊడిపోతుంది, మళ్లీ ఎర్రగా పచ్చిపుండు. షుగరేమోనని పరీక్ష చేయిస్తే షుగర్ లేదు, బీపీ మాత్రం బాగా ఎక్కువుంది. "ఏటీ నేదురా, నీళ్లలో చెయ్యి నానడం వల్లే" అంటుంది. పెళ్లయిన నాటి నుంచీ ఆ చెయ్యి నీళ్లలోనే ఉంది కదా, మరి ఇప్పుడే ఏమొచ్చింది?

ఊళ్లో ఆర్‌ఎంపీ అయితే నరాల వీక్‌నెస్ అని తేల్చేసి బీ కాంప్లెక్స్ సూది పొడిచి, సెలైన్ ఎక్కించాడు. బాటిల్ వేలాడదీస్తే గానీ వైద్యం జరిగినట్టు అనిపించదు మా వైపు. డబ్బులు పోయాయి, వేలు అలాగే ఉంది.

అసలు సంగతి ఇది. ప్రమాదం అని మెదడు అనుకోగానే ఒంటిని ఆపదకు సిద్ధం చేసే సింపథెటిక్ నాడీ వ్యవస్థ అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదల చేయిస్తుంది. గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, అరుగుదల మందగిస్తుంది. ఆ వెనకే మెదడు అడుగున ఉండే హైపోథాలమస్, పిట్యూటరీల హుకుంతో కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ వదులుతాయి. గేదె తరుముకొచ్చినప్పుడు ఇదంతా ప్రాణం కాపాడుతుంది. గండం దాటాక పారాసింపథెటిక్ వ్యవస్థ అన్నిటినీ నెమ్మదింపజేయాలి. పిన్నికి గండం దాటిందెప్పుడు? రాత్రి ఎవరి ఫోన్ మోగినా లేచి కూర్చుంటుంది. గాయం మానాలంటే మొదటి రోజుల్లో అక్కడ కాస్త వాపు రావాలి, రోగనిరోధక కణాలు చేరాలి. కార్టిసాల్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఆ పనినే అణిచేస్తుంది.

ఇది నా సొంత కవిత్వం కాదు. 1995లో అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్లు, మతిమరుపు జబ్బు వచ్చిన ఇంటి మనుషులకు సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్లను, ఆ బాధ్యత లేని మరో 13 మందిని తీసుకుని, చేతి మీద 3.5 మిల్లీమీటర్ల గాయం చేసి చూశారు. సేవ చేసేవాళ్లకు మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. పదమూడు మందితో ఏం తేలుతుంది అంటారేమో. మా పిన్నిని కలుపుకుని 14 అనుకోండి.

ఇక "ప్రాణాయామం చెయ్యమ్మా" అనే సలహాదారులు. నెమ్మదిగా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గే మాట నిజమే, నేను కాదనను. కానీ ఆ చెప్పే చుట్టాల్లో ఒక్కరైనా, ఒక్కరోజు చిన్నాన్నను మేం తీసుకెళ్తాం అన్నారా?

చివరికి నేనే విశాఖలో ఉంటున్న వాళ్లబ్బాయితో ఫోన్లో పోట్లాడాను. ఇప్పుడు శుక్రవారం రాత్రి రైలెక్కి వస్తున్నాడు, శనివారం డయాలసిస్ వాడి వంతు. ఆ రోజు పిన్ని ఎండెక్కేదాకా పడుకుంటోంది. నెల తిరక్కుండానే వేలు మానింది. డాక్టర్లు ఇలా ఖాయంగా చెప్పరు గానీ నేను చెబుతాను, మాన్పింది ఆ శనివారం నిద్రే. బీపీ మాత్ర మాత్రం డాక్టరు ఆపలేదు, రోజూ వేసుకుంటోంది.