తనను తాను చూపే లింకు: కొత్తగా వికీలో రాస్తున్న మిత్రునికి

నమస్కారం.

వరంగల్ జిల్లా వ్యాసంలో మీరు ఇచ్చిన లింకు నీలంగా రాకుండా నల్లటి బొద్దు అక్షరాలతో కనిపిస్తోందనీ, నొక్కినా కదలడం లేదనీ రాశారు. అది లోపం కాదు. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్టువేరు, చదరపు బ్రాకెట్లలోని పేరూ ఆ పేజీ శీర్షికా ఒకటే అయినప్పుడు, పాఠకుణ్ణి ఉన్నచోటికే మళ్ళీ పంపడం దండగ కాబట్టి, లింకును తీసేసి పేరును బొద్దుగా మాత్రమే చూపిస్తుంది. పేరు తరువాత # గుర్తు పెట్టి విభాగం పేరు రాస్తే మాత్రం అది మామూలు లింకులాగే పనిచేసి, అదే పేజీలోని ఆ విభాగం దగ్గరికి చేరుస్తుంది.

ఈ ఏర్పాటు వల్ల ఎక్కువ మేలు జరిగేది మూసల్లో, అంటే ఒకచోట రాసి అనేక పేజీల్లో చేర్చే భాగాల్లో. తెలంగాణ జిల్లాలన్నిటినీ వరుసగా చూపే మూసను ప్రతి జిల్లా వ్యాసం అడుగునా చేర్చినప్పుడు, ఏ పేజీలో ఉంటే ఆ జిల్లా పేరు దానంతటదే బొద్దుగా మారి, పాఠకుడు ఎక్కడున్నాడో చెబుతుంది. కాబట్టి మూసలోని ఆ లింకును తొలగించకండి. ప్రవేశికలో, అంటే వ్యాసం మొదటి భాగంలో, శీర్షికను బొద్దుగా చూపడానికి మాత్రం ఈ కిటుకును వాడకండి. అందుకు పేరుకు అటూ ఇటూ పెట్టే మూడేసి అపాస్ట్రఫీలు (''') ఉన్నాయి.

అసలు చిక్కు దారిమార్పులతో, అంటే పాఠకుణ్ణి దానంతటదే వేరే పేజీకి పంపే పేజీలతో, వస్తుంది. 2021లో వరంగల్ పట్టణ జిల్లా హనుమకొండ జిల్లాగా మారింది. పాత పేరుతో ఉన్న వ్యాసాన్ని కొత్త పేరుకు తరలిస్తే పాత పేరు దారిమార్పుగా మిగులుతుంది. వ్యాసం లోపల [[వరంగల్ పట్టణ జిల్లా]] అని ఉంటే సాఫ్టువేరు దాన్ని వేరే పేజీగానే లెక్కగడుతుంది, నీలంగానే చూపిస్తుంది; నొక్కిన పాఠకుడు బయలుదేరిన పేజీకే తిరిగివచ్చి, శీర్షిక కింద దారిమార్పు సంగతి చెప్పే చిన్న వరుసను చూసి తికమకపడతాడు. మూసలో పాత పేరు మిగిలిపోయినా ఇంతే, బొద్దు అక్షరాలు రావు. బొద్దుగా మారిన లింకు మునుజూపులోనే (భద్రపరిచే ముందు పేజీ ఎలా ఉంటుందో చూసుకునేటప్పుడే) కంటికి తగులుతుంది గాని, ఇది తగలదు. అందుకే తరలించిన ప్రతిసారీ పాత పేరుకు సంబంధించిన "ఇక్కడికి లింకున్న పేజీలు" జాబితా తెరవండి. అందులో కొత్త వ్యాసం పేరే కనబడితే లోపల తిరుగుడు లింకు ఉందన్నమాట. దారిమార్పు ఆ వ్యాసంలోని ఏదో ఒక విభాగానికి చేర్చేదైతే మాత్రం ఉండనివ్వవచ్చు.

ఇక మీ వ్యాసం సంగతి. చరిత్ర విభాగంలో "2016కు ముందు జనగామ [[వరంగల్ జిల్లా]]లో ఉండేది" అని రాశారు. మీ ఉద్దేశం పూర్వపు ఉమ్మడి జిల్లా. మీరు రాస్తున్న వ్యాసమేమో 2016లో వరంగల్ గ్రామీణ జిల్లాగా ఏర్పడి, 2021లో వరంగల్ అన్న పేరు పొందిన నేటి జిల్లా గురించి. పేరు ఒకటే గాని జిల్లాలు రెండు. బొద్దు అక్షరాలు బయటపెట్టింది ఈ తేడానే. మీరు బ్రాకెట్లు తీసేసి ఊరుకుంటే వాక్యం చూడడానికి శుభ్రంగా ఉంటుంది గాని, అర్థం తప్పుగానే మిగులుతుంది. ముందు ఉమ్మడి జిల్లాకు వేరే వ్యాసం ఉందేమో వెతికి, ఉంటే లింకును అటు తిప్పండి. లేకపోతే "పూర్వపు ఉమ్మడి వరంగల్ జిల్లా" అని విడమరిచి రాసి, లింకు లేకుండా వదిలేయండి.