టన్నులు కాదు, ముందు ఎత్తు చూడండి

ప్రశ్న: మాది ఏడు సీట్ల ఎస్‌యూవీ. బరువు రెండు టన్నుల పైనే. టైర్లు ఇంటి దగ్గరే మార్చుకుందామని ట్రాలీ జాక్ (చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాక్) చూస్తున్నాను. ఆన్‌లైన్‌లో రెండు టన్నులది చవగ్గా ఉంది. సరిపోతుందా, మూడు టన్నులది కొనాలా? - ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

బరువు మొయ్యడానికి సరిపోతుంది. చక్రం లేపడానికి సరిపోదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది.

జాక్ బండి మొత్తాన్ని ఎప్పుడూ మొయ్యదు. 2,200 కిలోల బండికి ఒక మూల ఎత్తితే జాక్ మీద పడేది 600, 700 కిలోలు. ఇబ్బందల్లా ఎత్తుతోనే. ఛాసీ కింద జాక్ ఆనించే చోటు నేలకు 280 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. ఛాసీ లేస్తున్నా చక్రం వెంటనే లేవదు. స్ప్రింగు సాగుతూ దాన్ని కిందికే నెడుతుంది. అలా 150 నుంచి 200 మిల్లీమీటర్లు పోతాయి. గాలి పోయిన టైరు తీసి, గాలి నిండుగా ఉన్న స్టెప్నీ ఎక్కించాలంటే ఇంకో 50 కావాలి. మొత్తం 500 దాకా వచ్చింది. చవక ట్రాలీ జాక్‌లు లేచేది 330, 350 వరకే. అప్పుడు జనం చేసే పని జాక్ తల మీద ఇటుకో, చెక్క దిమ్మో పెట్టడం. ఇటుక బరువుకు ఒక్కసారిగా పగులుతుంది, దిమ్మ పక్కకు జారుతుంది. ఎత్తు చాలకపోతే చెక్క పెట్టాల్సింది జాక్ కింద, వెడల్పుగా, జాక్ చక్రాలు నాలుగూ దాని మీద పట్టేలా.

అమ్మేవాళ్ల తీరు కూడా బాగాలేదు. టన్నులు బొమ్మ నిండా వేస్తారు. కనిష్ఠ ఎత్తు, గరిష్ఠ ఎత్తు మాత్రం ఆరో ఫొటోలో మూలన ఉంటాయి, ఒక్కోసారి అవీ ఉండవు. అందుకే ఆన్‌లైన్ వదిలేసి, కొలతల టేపు పట్టుకుని ఆటోనగర్ వెళ్లండి. జాక్‌ను పూర్తిగా దించి ఒకసారి, పూర్తిగా లేపి ఒకసారి కొలవండి. దించినప్పుడు 150 లోపు, లేపినప్పుడు 500 పైన ఉండాలి. ఆ కొలతలున్నవి ఎక్కువగా మూడు టన్నుల రకంలోనే దొరుకుతాయి, వాటి అడుగు కూడా వెడల్పుగా ఉంటుంది. ఇనుముది 30 కిలోలు దాటుతుంది కాబట్టి రోజూ డిక్కీలో వేసుకు తిరిగే వస్తువు కాదు.

ఇక నన్ను అన్నిటికన్నా భయపెట్టే విషయం. ఎత్తిన బండిని మోసే ఇనుప స్టాండ్లు లేకుండా జాక్ ఒక్కటే కొనేవాళ్లే ఎక్కువ. జాక్ లోపల మీ బండిని ఆపుతున్నది ఇనుము కాదు, నూనె. ఆ నూనెను ఆపుతున్నది చిన్న రబ్బరు రింగు. అది అరిగినా, దించే వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కున్నా బండి కిందికి వస్తుంది, ఒక్కోసారి చప్పుడు కూడా లేకుండా. అందుకే జాక్‌తో ఎత్తడం, స్టాండు మీదికి దించడం, బండిని చేత్తో గట్టిగా ఊపి చూడడం, ఆ తర్వాతే మిగతా పని. ఎత్తును నిలిపే పళ్లకు తోడు అడ్డం పిన్ను కూడా ఉండే స్టాండ్ల జత తీసుకోండి. విప్పిన చక్రాన్ని ఛాసీ కిందికి తోసి పడుకోబెట్టండి. నట్టు దొర్లి కిందికి పోతే చెయ్యి పెట్టకుండా వీల్ స్పానర్‌తో లాక్కోండి.

హ్యాండ్ బ్రేక్ వేశాం కదా అన్న ధీమా వద్దు. చాలా బండ్లలో అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక రెండూ లేపితే హ్యాండ్ బ్రేక్ బండిని ఆపలేదు. వెనక ఎత్తితే ముందు చక్రాలకు, ముందు ఎత్తితే వెనక చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టండి. నట్లు బండి నేలమీద ఉండగానే అరచుట్టు వదులు చేసుకోవాలి. జాక్ లేచేకొద్దీ దాని తల వంపుగా తిరుగుతుంది కాబట్టి జాక్ చక్రాలు కదలాలి. నల్లరేగడి నేలలో అవి దిగబడి జాక్ ఒరుగుతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో టైల్స్ పగులుతాయి. రెండు చోట్లా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరవండి. సెల్లార్ ర్యాంపు మీద అసలు ఎత్తొద్దు.

స్ప్రింగులకు బదులు గాలి సంచులుండే ఎయిర్ సస్పెన్షన్ బండ్లలో ఇంకో చిక్కుంది. ఎత్తేముందు జాక్ మోడ్ ఆన్ చెయ్యకపోతే కంప్యూటర్ మధ్యలో ఎత్తు సర్దబోతుంది. ప్రాణానికి సంబంధించిన ఆ బటన్‌ను తెరలో మూడు మెనూల లోపల పెట్టడం క్షమించరాని డిజైన్. పాటల వాల్యూమ్‌కిచ్చిన చోటు దీనికి ఇవ్వలేరా? ఎలక్ట్రిక్ బండి అయితే జాక్ తల బ్యాటరీ పెట్టెకు తగలకూడదు, మాన్యువల్‌లో చూపించిన నాలుగు చోట్లే.

ప్రశ్న: మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలే పికప్ ఉంది. జాక్ లేపాక మెల్లగా దిగిపోతోంది. బ్రేక్ ఆయిల్ పొయ్యొచ్చా? - గుంటూరు నుంచి

పొయ్యకండి. బ్రేక్ ఆయిల్ తగిలితే జాక్ లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. హైడ్రాలిక్ జాక్ ఆయిలే వాడాలి.

పంపు మెత్తగా ఆడుతూ పూర్తి ఎత్తుకు లేవకపోతే లోపల గాలి చేరినట్టు. దించే వాల్వు తెరిచి, నూనె పోసే బిరడా తీసి, హ్యాండిల్ పది పదిహేను సార్లు కొట్టండి. జాక్ పూర్తిగా దిగి ఉండగా రంధ్రం అంచు దాకా నూనె నింపి బిగించండి. పూర్తిగా లేచి, తర్వాత దిగుతుంటే వాల్వులో చెత్తో, అరిగిన సీలో కారణం. పరీక్ష తేలికే. ఖాళీ బండి లేపి, కింద స్టాండు వేలెడు సందుతో ఉంచి పది నిమిషాలు ఆగండి. సందు తగ్గితే ఆ జాక్ మరమ్మతుకు పోవాల్సిందే.

లోడుతో మాత్రం ఎత్తొద్దు. టిక్కీకి 40 కిలోలు లెక్కేసినా 35 టిక్కీలంటే 1,400 కిలోలు, అందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే. సగమైనా దించి, కమాను కట్టకు (పట్టీల స్ప్రింగుకు) దగ్గరగా ఇరుసు హౌసింగ్ కింద బాటిల్ జాక్ (సీసాలా నిలువుగా ఉండేది) పెట్టండి. అక్కడ ఎత్తితే స్ప్రింగు సాగదు, కొద్ది ఎత్తుకే చక్రం లేస్తుంది. సీళ్లు మార్పించేటప్పుడు లోపలి రాడ్‌ను గోటితో తడిమి చూడండి. గీత గోటికి తగిలితే కొత్త సీలు కూడా నెలల్లోనే కోసుకుపోతుంది. ఆ జాక్‌ను పాత ఇనుముకు వేసెయ్యండి.